లైసెన్సు లేకుండా ఫోర్క్‌లిఫ్ట్ తాళం తీసుకోవద్దు

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది రాజోలు దగ్గర. దుబాయ్‌లో గోడౌన్ హెల్పర్‌గా వీసా వచ్చింది. అక్కడ సరుకు ఎత్తి పెట్టే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపితే జీతం పెరుగుతుందని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: పెరగవచ్చు తమ్ముడూ, కానీ ముందు లైసెన్సు చేతికి రావాలి. దుబాయ్‌లో దానికి విడిగా లైసెన్సు ఉంది, కారు లైసెన్సు చెల్లదు. "డ్రైవరు రాలేదు, ఈ రెండు ప్యాలెట్లు (సరుకు పేర్చిన చెక్క బల్లలు) పక్కన పెట్టెయ్" అని సూపర్‌వైజరు తాళం ఇస్తే తీసుకోకు. మర్యాదగానే చెప్పు, కానీ తీసుకోకు.

మన వైపు రైసు మిల్లుల్లో, కొబ్బరి కొట్లలో మోతంతా మనిషి వీపు మీదే. అందుకే ఈ యంత్రం బలం మనవాళ్ల అంచనాకు అందదు. రెండున్నర టన్నులు ఎత్తే బండి ఖాళీగానే 3.5 టన్నుల పైచిలుకు ఉంటుంది. పైగా అది తిరిగేది వెనక చక్రాలతో. ముందు భాగం ఇటు మళ్లుతుంటే వెనక భాగం అటు విసురుగా వస్తుంది. ర్యాకుకూ బండికీ మధ్య నిలబడ్డవాడి కాలు నలిగేది అప్పుడే. ఎదురుగా సరుకు అడ్డం ఉంటే డ్రైవరుకు నువ్వు కనబడవు. అతను నీ కళ్లలోకి చూసి తలూపేదాకా దగ్గరకు వెళ్లకు.

లైసెన్సు వచ్చాక కూడా సరుకు పైకెత్తి మలుపు తిప్పకు. గడ్డి ఎత్తుగా వేసిన బండి పుంత మలుపులో ఒరిగినట్టే ఒరుగుతుంది. అప్పుడు దూకినవాడి మీదే పైకప్పు చట్రం పడుతుంది. బెల్టు పెట్టుకుని, స్టీరింగు పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, ఒరిగే వైపుకు వ్యతిరేకంగా వాలాలి.

దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యజమానిదే. యూఏఈ 2021 కార్మిక చట్టం ప్రకారం చికిత్స సాగినంత కాలం, 6 నెలల వరకు పూర్తి జీతం, ఆపైన ఇంకో 6 నెలల వరకు సగం జీతం ఇవ్వాలి. గోడ మీద రాసి ఉన్న భద్రతా సూచనలను కావాలనే మీరావని తేలితే మాత్రం పరిహారానికే ఎసరు వస్తుంది. తాళం తీసుకోవద్దన్నది అందుకు కూడా.

దెబ్బ తగిలితే ఎప్పుడు, ఎక్కడ, ఏ బండి, ఎవరు చూశారు అన్నవి అదే రోజు సూపర్‌వైజరుకు వాట్సాప్‌లోనైనా పంపు. ఆసుపత్రిలో "గదిలో జారిపడ్డాను" అని చెప్పమంటే ఎంత బతిమాలినా ఒప్పుకోకు. అది కాగితం మీదకు ఎక్కిందంటే తర్వాత నీ మాట ఎవరూ వినరు.

నీది ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్ లాంటి చోట్ల పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సినది) అయితే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. పన్ను కాక రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల బీమా. విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లు దీన్ని ఎగ్గొట్టిస్తారు, జాగ్రత్త. పాలసీ జెరాక్సు ఒకటి ఇంట్లో ఇచ్చి బయలుదేరు.