పోర్ట్ బ్లేర్ తెలుగువాళ్ళు తమని ఆంధ్రావాళ్ళం అనుకుంటారా, అండమాన్ వాళ్ళం అనుకుంటారా?

నేను పుట్టింది పోర్ట్ బ్లేర్ జంగ్లీఘాట్‌లో, మా తాతది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు నాకు ఫుల్‌గా ఉందనే అనుకుంటున్నా. అండమాన్ వాళ్ళమే, డౌటే లేదు. కాకపోతే అది మాకు మేము అనుకున్నది కాదు, మీరు అనిపించింది.

2003 ఎండాకాలంలో, నాకు పన్నెండేళ్ళప్పుడు, మొదటిసారి తాతతో ఆ ఊరెళ్ళా. వైజాగ్ దాకా ఓడ, బంక్ క్లాసు, రెండున్నర రోజులు వాంతులే వాంతులు. ఊళ్ళో దిగగానే పిల్లలంతా చుట్టూ మూగారు. అందులో నాకు వరసకి బావ ఒకడు, నన్ను పైనించి కిందదాకా చూసి "మీ తాతేటి సేసి జైలుకెల్లాడ్రా?" అన్నాడు. అండమాన్ అంటే సెల్యులర్ జైలు తప్ప ఇంకోటి తెలీదు కదా జనానికి. అరుగు మీద గంజి తాగుతున్న తాత గిన్నె కింద పెట్టి "నాను జైలుకెల్లనేదురా, ఏటకెల్లినాను" అని అరిచాడు. ఏట అంటే చేపల వేట. అక్కడ చేప ఎక్కువ, పడవలు తక్కువ అని ఎవరో చెప్తే ఓడెక్కేసినవాళ్ళలో మా తాత ఒకడు, అంతే కథ.

వాడు నమ్మలా. అయితే మీ ఊరెలా ఉంటదో చెప్పు అన్నాడు. నా జేబులో నానమ్మ ఇచ్చిన ఇరవై రూపాయల నోటు ఉంది, ఆ ఎర్ర నోటు గుర్తుందా, వెనక కొబ్బరిచెట్లు, సముద్రం, అవతల కొండ ఉంటాయి. అది మా నార్త్ బే, మౌంట్ హారియెట్ మీంచి చూస్తే కనపడేది. తీసి చూపించా, ఇదీ మా ఊరు అని. దాంతో మొత్తం గ్యాంగ్ నోటు లాక్కుని ఎండకి పెట్టి చూసింది, ఇందులో మీ ఇల్లేదిరా అని ఒకడు సీరియస్‌గా వెతికాడు. నోటు తిరిగి రాలేదు, సాయంత్రానికి పుల్లైసులైపోయింది. రాత్రి అన్నం పెడుతూ పిన్ని ఇంకొంచెం వడ్డించబోతే "రుకో పిన్నీ" అన్నా, ఆగమని హిందీలో, అలవాటు. ఇంట్లో అందరూ పది నిమిషాలు నవ్వారు. మేము వచ్చేసేదాకా నా పేరు రుకోగాడే.

మాకు హిందీ ఎందుకొచ్చిందంటే వేరే దారి లేదు. 1858లో బ్రిటిష్ వాళ్ళు 200 మంది ఖైదీల్ని తెచ్చి దింపినప్పటినుంచి అక్కడికి వచ్చినవాడల్లా వేరే ఊరివాడే. ఖైదీల పిల్లలు లోకల్ బోర్న్ వాళ్ళు, కేరళ మోప్లా ముస్లింలు, బర్మా నుంచి కరెన్ తెగవాళ్ళు, అడవులు కొట్టడానికి రాంచీ వాళ్ళు, దేశవిభజన తర్వాత బెంగాలీలు, తమిళులు, మేము. 2011 లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించినవాళ్ళు పదమూడు శాతం పైనే, తక్కువేం కాదు. ఇంట్లో శ్రీకాకుళం యాస, గడప దాటితే హిందీ, అది కూడా ఢిల్లీ వాడు వింటే తల పట్టుకునే హిందీ.

ఇంతమందిమి కలిసిపోయాం అంటారు గానీ ప్రభుత్వ కాగితం దగ్గర కలవం. అక్కడి ఓబీసీ లిస్టులో 1942కి ముందున్న లోకల్ బోర్న్ వాళ్ళు, మోప్లాలు, కరెన్లు, యూపీ నుంచి తెచ్చిన భాంతూ తెగవాళ్ళు, బెంగాలీ సెటిలర్లు ఉన్నారు. మేము లేము. 1942 ఎందుకంటే ఆ ఏడు జపాన్ వాళ్ళు దిగారు, అదే గీత. తాత ఊళ్ళో మా చుట్టాలు బీసీలు, సముద్రం దాటిన పాపానికి మేము జనరల్. కాలేజీ సీటప్పుడు నాకు ఇది బాగా తగిలింది, ఇప్పటికీ మంటే.

తిరుగు ప్రయాణంలో మా బంకుల దగ్గర ఒక బెంగాలీ ఆంటీ నిమ్మకాయ ఊరగాయ సీసా పెట్టుకుని, కక్కుకున్న ప్రతివాడి నాలిక మీదా వేలితో రాసింది, ఏ కులం ఏ భాష అని అడక్కుండా. మూడో రోజు పొద్దున్న హార్బర్ కనపడగానే డెక్ మీద అందరూ ఒకటే అరుపు, ఘర్ ఆ గయా, ఇల్లొచ్చేసింది అని. జైలు మాటకి ఊళ్ళో అంత గొంతేసుకున్న మా తాత కూడా అదే అరిచాడు, హిందీలో. అప్పటికి తను పుట్టినూళ్ళో ఇరవై రోజులుండి వచ్చాడు, అక్కడ ఒక్కసారి కూడా ఇల్లు అనే మాట వాడలేదు.

2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, మా అమ్మ ఇంకా పోర్ట్ బ్లేర్ అనే అంటుంది. అది సరేలే గానీ, 2019లో వచ్చిన కొత్త ఇరవై నోటు మీద ఎల్లోరా గుహలేసేశారు. ఇప్పుడు హైదరాబాద్ ఆఫీసులో ఎవడైనా అక్కడి అడవుల్లో ఉండే జరవా తెగవాళ్ళని చూశావా, జైలు పక్కనేనా మీ ఇల్లు అని అడిగితే చూపించడానికి జేబులో ఏమీ లేదు.