టెన్స్‌ల పట్టిక అప్పజెబుతాడు, మాట్లాడమంటే తడబడతాడు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న ఇదీ: బాబు ఎనిమిదో తరగతి, పన్నెండు టెన్స్‌ల ఫార్ములాలూ గడగడా చెప్పేస్తాడు; రోజూ పొద్దున్నే ఏం చేస్తావని ఇంగ్లీషులో అడిగితే మాత్రం "ఐ విల్ గెట్ అప్ అట్ సిక్స్" అంటాడు. రోజువారీ విషయాలు మాట్లాడిస్తూ టెన్స్‌లు నేర్పడం ఎలా?

ముందు ఆ "విల్" ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. తెలుగులో "రోజూ ఆరింటికి లేస్తాను" అన్నా, "రేపు ఆరింటికి లేస్తాను" అన్నా క్రియ ఒకటే. తేడా అంతా రోజూ, రేపు అనే మాటలు చూసుకుంటాయి. ఇంగ్లీషులో క్రియ కూడా మారాలి. వాడు "లేస్తాను"కి సరిపడే ఇంగ్లీషు మాట వెతుక్కున్నంతకాలం సగంసార్లు తప్పే వస్తుంది. "తాను" అని ముగిస్తే "విల్" పెట్టాలని ఎవరైనా నేర్పి ఉంటే ముందు అది మరిపించండి. పట్టికని కూడా కొన్నాళ్లు పక్కన పడేయండి. ఇంట్లో, బళ్లో మాట్లాడటానికి సింపుల్ ప్రెజెంట్, ప్రెజెంట్ కంటిన్యూయస్, సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ పర్ఫెక్ట్, రేపటి సంగతికి "గోయింగ్ టు", "విల్" వస్తే చాలు.

టాపిక్ ఒక్కటే తీసుకోండి: లేచినప్పటి నుంచి బడికి బయల్దేరేదాకా. గెట్ అప్, బ్రష్, టేక్, ఈట్, డ్రింక్, ప్యాక్, లీవ్, గో. ఈ ఎనిమిది వెర్బ్‌లతో మొదటి వారం రోజుకి 15 నిమిషాలు "ఐ గెట్ అప్ అట్ సిక్స్, ఐ బ్రష్ మై టీత్" అని చెప్పించండి. రెండు మూడు రోజులయ్యాక అవే మాటలు చెల్లెలి గురించి చెప్పమనండి. అప్పుడు చివరి "ఎస్" ఊడిపోతుంది, చూడండి. తెలుగులో లేస్తాను, లేస్తావు, లేస్తాడు అంటూ మనిషి మారినప్పుడల్లా చివర మారుతుంది. ఇంగ్లీషులో మారేది హి, షి, ఇట్ దగ్గర మాత్రమే, అందుకే గుర్తుండదు. ప్రశ్న అడిగించినప్పుడు "డజ్ షి గెట్స్ అప్" అంటాడు. ఆ "ఎస్"ని "డజ్" మింగేసిందని చెప్పండి. తర్వాత "డిడ్ యు వెంట్" దగ్గరా ఇదే మాట పనికొస్తుంది.

రెండో వారం అవే ఎనిమిది వెర్బ్‌లు, "నిన్న" పెట్టి. వీటిలో "ఈడీ" చేరేవి బ్రష్, ప్యాక్ రెండే. మిగతా ఆరూ గాట్, టుక్, ఏట్, డ్రాంక్, లెఫ్ట్, వెంట్ అని పూర్తిగా మారిపోతాయి. రోజూ నోట్లో నానే మాటలే ఎక్కువగా ఇలా మారతాయి కాబట్టి అక్షరక్రమంలో ఉన్న పెద్ద జాబితా బట్టీ పట్టించడం దండగ. టాపిక్‌లో తగిలినవి తగిలినట్టు నేర్పండి. ఉచ్చారణ కూడా అప్పుడే సరిచేయాలి. మనవాళ్లు "వాకెడ్", "కుకెడ్" అని ఒక అచ్చు ఎక్కువ పలుకుతారు. అవి వాక్ట్, కుక్ట్, బ్రష్ట్. ప్లే, క్లీన్‌లకి చివర "డ్" చాలు. టీ లేదా డీ శబ్దంతో ముగిసే వాంట్, స్టార్ట్, నీడ్ లాంటివాటికే "ఇడ్" వినబడుతుంది. పుట్, కట్ లాంటివి అసలు మారవు. అక్కడ "హి పుట్" అని ఎస్ లేకుండా వినబడితే అది జరిగిపోయిన సంగతే.

కంటిన్యూయస్‌కి పుస్తకం అక్కర్లేదు. ఒకరు పని చేసినట్టు నటించాలి, ఇంకొకరు "యు ఆర్ బ్రషింగ్" అనాలి. చిక్కల్లా "ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ హావింగ్ ఏ పెన్" దగ్గర. తెలుసు, కావాలి, ఇష్టం, ఉంది అనే అర్థాలకి తెలుగులోనూ "తున్నాను" చేర్చం కదా, ఇంగ్లీషులోనూ "ఇంగ్" వద్దనండి. ఈ కిటుకు "అర్థమవుతోంది" దగ్గర మోసం చేస్తుంది: అక్కడ "ఐ అండర్‌స్టాండ్" అనే చెప్పాలి. "హావింగ్ లంచ్" తప్పు కాదు, అక్కడ హావ్ అంటే తినడం.

ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కి తొందరపడకండి. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. "సర్దుకున్నాను" అనే ఒక్క మాట "ఐ ప్యాక్డ్"కీ, "ఐ హావ్ ప్యాక్డ్"కీ రెండింటికీ సరిపోతుంది కనుక తెలుగు నుంచి ఏ ఆధారమూ దొరకదు. దీన్ని బడికి బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర నేర్పండి.

"హావ్ యు ప్యాక్డ్ యువర్ బ్యాగ్?"
"ఎస్, ఐ హావ్."
"వెన్?"
"ఐ ప్యాక్డ్ ఇట్ లాస్ట్ నైట్."

బ్యాగు ఇప్పుడు సిద్ధంగా ఉందా అన్నదే ముఖ్యమైతే "హావ్". ఎప్పుడు సర్దావన్నది మాటల్లోకి రాగానే "హావ్" వెళ్లిపోవాలి. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" తప్పయ్యేది అందుకే. రోజుకి నాలుగు ప్రశ్నలు ఇలా అడిగితే చాలు, కానీ "వెన్" మాత్రం వదలొద్దు.

దీని వెనకే ఫర్, సిన్స్ గొడవ వస్తుంది. "రెండేళ్ల నుంచి", "సోమవారం నుంచి" అని రెండుచోట్లా మనం "నుంచి" వాడతాం కాబట్టి "ఐ యామ్ లర్నింగ్ సిన్స్ టూ ఇయర్స్" అని వచ్చేస్తుంది. ఎంతకాలమో లెక్క చెబితే ఫర్, ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్. ఇక్కడ "యామ్ లర్నింగ్" కూడా కుదరదు, "హావ్ బీన్ లర్నింగ్" అనాలి.

రేపటి సంగతికి పెద్ద కష్టం లేదు. ముందే అనుకున్న పనికి "గోయింగ్ టు", అప్పటికప్పుడు ఒప్పుకున్నదానికి "విల్".

తప్పులు దిద్దేటప్పుడు ఆ వారం నేర్పే టెన్స్ వరకే దిద్దండి. వాడు "షి గో" అంటే ఆపి పాఠం చెప్పకుండా "ఓ, షి గోస్ అట్ ఎయిట్?" అని మీరు సరిగ్గా అని ఊరుకోండి. అన్నీ ఒకేసారి దిద్దితే మూడో వాక్యానికి నోరు మూసేస్తాడు. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్ లాంటివి పరీక్షకి వారం ముందు చూసుకోవచ్చు.