మ్యూజియం ఒక్కటే చాలదు, బైలాండ్‌కి వెళ్లండి

"ఇంగ్లండ్‌లో మధ్యయుగపు బొమ్మల టైల్స్ చూడాలంటే బ్రిటిష్ మ్యూజియం చాలా?" అని అడిగారు. నన్నడిగితే చాలదు. ఇంగ్లండ్‌లోని చెర్ట్సీ అనే పాత క్రైస్తవ మఠం తవ్వకాల్లో దొరికినవి అక్కడున్నాయి. ఇంగ్లండ్ రాజు రిచర్డ్, క్రూసేడ్ యుద్ధాల్లో తన ప్రత్యర్థి సుల్తాన్ సలాదీన్‌ని ఈటెతో పొడిచే జంట టైల్స్ కూడా ఉన్నాయి. గొప్ప పనే, కాదనను. కానీ కాళ్ల కింద ఉండాల్సిన దాన్ని అద్దం వెనక పెడితే ఏం తెలుస్తుంది?

యార్క్‌షైర్‌లో బైలాండ్ అబ్బేకి (అబ్బే అంటే క్రైస్తవ సన్యాసుల మఠం) వెళ్లండి. 1538లో ఆ మఠం మూతపడింది, కప్పు పోయింది. 1920ల్లో శిథిలాలు తొలగిస్తే 13వ శతాబ్దపు టైల్స్ నేల బయటపడింది. ఇప్పటికీ అక్కడే, ఆకాశం కింద ఉంది.

మా నాన్నగారు రాజమండ్రి దగ్గర పెంకుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశారు. నేనుండే ఇంగ్లండ్‌కి వచ్చినప్పుడు ఆయన్ని బైలాండ్‌కి తీసుకెళ్లాను. అప్పుడే వాన వెలిసింది. తడికి పసుపు, ఆకుపచ్చ ముక్కలు మెరుస్తున్నాయి. ఆయన గొంతుక్కూర్చుని పది నిమిషాలు మాట్లాడలేదు. ఒకచోట ముక్క ఊడిపోయి పక్కదాని అంచు కనిపిస్తోంది.

"చూడమ్మా, అంచు నిలువుగా కోయలేదు. పైన వెడల్పు, కింద సన్నం. పైన అతుకు బిగుస్తుంది, కింద సున్నం పట్టడానికి చోటుంటుంది" అన్నారు. తర్వాత ముక్కలు పేర్చిన గుండ్రటి చుట్లు చూపించారు. "ఇవన్నీ పచ్చిమట్టి మీద కోసినవే. ఆరితే తగ్గుతుంది, కాలిస్తే ఇంకా తగ్గుతుంది. ఆ లెక్క ముందే వేసుకోవాలి. ఒక్కటి వంకరపోయినా చుట్టు కలవదు."

పసుపు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఎర్రమట్టి మీద తెల్లమట్టి పూసి, పైన సీసపు పూత వేసి కాలిస్తే ఆ తెలుపే పసుపుగా మారుతుంది. ఆకుపచ్చ రాగితో వస్తుంది. ఇప్పుడు షోరూముల్లో ప్రింటు కొట్టిన టైల్‌ని "యాంటిక్ డిజైన్" అని అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ పాత మఠానికి వెళ్లినా బోర్డుల మీద రాజులు, మఠాధిపతుల పేర్లే. మట్టి తొక్కినవాడి ఊసే ఉండదు.

ఒక్క మాట, ఆ నేల మీద బూట్లతో నడవకండి. పూత లేచిన చోట నీళ్లు దిగి, చలికి గడ్డకట్టి, ఉన్న పూత కూడా పెచ్చులూడుతుంది. పిల్లలు దాని మీద గెంతుతుంటే పెద్దవాళ్లు ఫొటోలు తీయడం నా కళ్లతో చూశాను.

తిరిగొస్తుంటే కారులో చాలాసేపటికి నాన్నగారు నోరు విప్పారు. "ఇంత నేలకి ఎన్ని బట్టీలు కాల్చి ఉంటారో, ఏ కట్టె వాడారో" అని.