ల్యాప్‌టాప్‌కి ఏ హార్డ్‌డిస్క్?

ప్రశ్న: ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనాలా, ఎస్‌ఎస్‌డీయా (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచే, ఇంకా వేగమైన డ్రైవ్)? ల్యాప్‌టాప్‌కి టైప్-సి పోర్టు ఉంది.

జవాబు: దాచుకుని అప్పుడప్పుడు చూసుకోవడానికైతే 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్ చాలు. దాని వేగం సెకనుకు సుమారు 130 ఎంబీ, కాబట్టి అంతకంటే ఎంతో వేగమైన 5 జీబీపీఎస్ (సెకనుకు 5 గిగాబిట్లు) యూఎస్‌బీ 3.0 పోర్టు సరిపోతుంది. డ్రైవ్ మీదే వీడియో ఎడిటింగ్ చేస్తారా, 10 జీబీపీఎస్ ఎస్‌ఎస్‌డీ తీసుకోండి.

టైప్-సి ఉంటే చాలు వేగం వచ్చేస్తుందనుకోవద్దు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఫోన్ ఛార్జింగ్ కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2.0వే, వాటితో పెడితే సెకనుకు 40 ఎంబీ కూడా దాటదు. డ్రైవ్‌తో వచ్చిన కేబులే వాడండి. డిస్క్ టిక్కుటిక్కుమంటూ ఆగిపోతుంటే హబ్ (ఒక పోర్టుకు పెట్టి పలు పోర్టులు వాడుకునే పరికరం) తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టి చూడండి. కరెంటు చాలకపోయినా అలాగే అవుతుంది.

విండోస్, మ్యాక్ రెండింట్లోనూ వాడాలంటే ఫైళ్లు ఎక్కించకముందే రెండూ చదివి రాయగల ఎక్స్‌ఫ్యాట్ (exFAT) పద్ధతిలో డిస్క్‌ను ఫార్మాట్ చేయండి. తర్వాత చేస్తే ఉన్నవన్నీ చెరిగిపోతాయి.