మిషన్ కొనేముందు ఇది చదువు

చిట్టితల్లీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. దగ్గినా తుమ్మినా మూత్రం పడి బట్టలు తడుస్తున్నాయని, పిల్లోణ్ణి ఎత్తుకుని పైకి లేస్తే కూడా అంతేనని, మీ అత్తగారితో చెప్పుకుంటే "కాన్పు తర్వాత అందరికీ ఉండేదేలే" అన్నారని చెప్పావు. చాలామందికి ఉండే మాట నిజమే. ఉన్నంతమాత్రాన భరించాలని ఎక్కడుంది? మా తరం వాళ్ళం పెళ్ళిళ్ళకు పోతే ముందు బాత్‌రూమ్ ఎక్కడుందో చూసుకుని కూర్చునేవాళ్ళం. ఆ తలనొప్పి నీకెందుకు?

ఫోన్‌లో చూసిన ఆ సెన్సార్ మిషన్, అదే, లోపల పెట్టుకుని కింది కండరం బిగిస్తే ఎంత బిగిసిందో ఫోన్‌లో చూపించేది, కొనాలా వద్దా అని కదా అడిగావు. వద్దనను. ఇప్పుడే వద్దంటాను. ఇన్నేళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేసినదాన్ని కాబట్టి కారణం కూడా చెబుతాను. కాస్త ఓపిగ్గా చదువు.

మన నడుము కింద, ముందున్న ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా ఒక కండరాల పొర పరుచుకుని ఉంటుంది. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం, అన్నీ దాని ఆసరాతోనే ఉంటాయి. కాన్పులో బిడ్డ తల బయటికొచ్చేటప్పుడు ఇది బాగా సాగిపోతుంది. దగ్గు వచ్చిందనుకో, పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఆ క్షణానికి ఈ కండరం బిగుసుకుని మూత్రనాళాన్ని మూసిపట్టాలి. బలం లేకపోయినా, బిగుసుకోవడం ఆలస్యమైనా లీక్ అవుతుంది. నీకు జరుగుతున్నది ఇదేననిపిస్తోంది.

చేతి కండరం అయితే అద్దంలో కనిపిస్తుంది. ఇది కనిపించదు, అదే చిక్కు. "కింద బిగించమ్మా" అంటే పిరుదులు బిగించేవాళ్ళు కొందరు, తొడలు దగ్గరికి నొక్కేవాళ్ళు కొందరు. ఊపిరి బిగబట్టి, ముక్కి, సరిగ్గా చేశామనుకునేవాళ్ళు ఇంకొందరు. 1991లో అమెరికాలో 47 మంది ఆడవాళ్ళకు ఈ కండరాన్ని బిగించే వ్యాయామం నోటిమాటతో చెప్పి, చేస్తున్నప్పుడు పరీక్షించి చూశారు. సరిగ్గా చేసినవాళ్ళు సగం మందే. నాలుగో వంతు మంది చేసిన పద్ధతి లీకేజీని ఇంకా పెంచేలా ఉందట. యూట్యూబ్ చూసి నేర్చుకుంటానన్నావే, అందుకే నాకు భయం.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. కెగెల్ ఎక్సర్‌సైజులు అంటారే, ఆ పేరు ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా గైనకాలజిస్టుది. ఆయన 1948లో ఈ వ్యాయామాల గురించి రాసినప్పుడే వాటితోపాటు ఒక పరికరం కూడా చూపించాడు. లోపల పెట్టుకునే గాలి నిండిన రబ్బరు సాధనం, దానికి తగిలించిన ఒత్తిడి మీటరు. బిగిస్తే ముల్లు కదులుతుంది, బిగించినామెకు కనిపిస్తుంది. ఇప్పుడు ముల్లు పోయి ఫోన్‌లో పువ్వులు, బంతులు, ఎగిరే పిట్టలు వచ్చాయి. అసలు ఆలోచన మాత్రం డెబ్బై ఏళ్ళు దాటిన పాతదే. యోగాలో మూలబంధం అని మన పెద్దలు చేసేదీ ఇలాంటి బిగింపే, దానికి మీటరు లేదంతే.

ఈ మిషన్లలో రకాలున్నాయి. ఎక్కువగా అమ్మేవి ఒత్తిడి కొలిచేవి. సిలికాన్ తొడుగు లోపల సెన్సార్ ఉంటుంది, నొక్కుడు ఎంత పడితే అంత అంకె చూపిస్తుంది. రెండో రకం ఈఎంజీ, అంటే కండరంలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని పట్టేది. క్లినిక్కుల్లో బయోఫీడ్‌బ్యాక్ అంటే చాలాచోట్ల ఇదే. మూడోది కదలికను పట్టేది. ఫోన్ తిప్పితే స్క్రీన్ తిరుగుతుందే, అలాంటి సెన్సార్లు దాంట్లో వరసగా ఉంటాయి. కండరం పైకి లేచినప్పుడు మిషన్ ఎంత వంగిందో చెబుతాయి. ఇవి కాక కరెంటు తగిలించి కండరాన్ని బిగించే మిషన్లు వేరే ఉన్నాయి. అవి కొలవడానికి కాదు, కండరాన్ని కదిలించడానికి. ప్రకటనల్లో అన్నీ కలిపి చూపిస్తారు. డాక్టరు చెప్పకుండా కరెంటు మిషన్ జోలికి పోవద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు అసలు ముట్టకూడదు.

ఒత్తిడి మిషన్‌తో ఒక ఇబ్బంది ఉంది, ఇది బాగా గుర్తుపెట్టుకో. రేణిగుంట నుంచి ఒకామె కొత్తగా కొన్న మిషన్ తీసుకుని నా దగ్గరికి వచ్చింది. ఫోన్‌లో స్కోరు రోజురోజుకూ పెరుగుతోందట, లీకేజీ మాత్రం ఎక్కువైందట. పడుకోబెట్టి, బొడ్డు కింద నా అరచెయ్యి పెట్టి, చెయ్యమన్నాను. ఫోన్‌లో గీత సర్రున పైకి పోయింది. నా చేతికింద పొట్ట కూడా ఉబ్బి పైకి వచ్చింది, మెడ నరాలు తేలాయి. అంటే ఆమె లోపలికి లాగడం లేదు, కిందికి ముక్కుతోంది. సెన్సార్‌కు నొక్కుడు ఒకటే తెలుసు, అది కండరం నుంచి వచ్చిందో పొట్ట నుంచి వచ్చిందో దానికి తెలియదు. రెండు చోట్ల విడివిడిగా కొలిచి ఈ తేడా పట్టుకోవాలని చూసే మిషన్లు ఉన్నాయి. అయినా మన చెయ్యి పొట్టమీద ఉండాల్సిందే. ఊపిరి మెల్లగా వదులుతూ చేయమని చెప్పాను. మొదట గీత సగానికి పడిపోయింది, ఆమె మొహమూ వాడిపోయింది. "అదే నీ అసలు స్కోరు" అన్నాను.

మిషన్ వల్ల లాభం ఉందా లేదా అంటే రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూడు. బ్రిటన్‌లో 600 మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు నిపుణులే దగ్గరుండి వ్యాయామం నేర్పారు. రెండో గుంపుకు అదే నేర్పు, పైన ఈఎంజీ మిషన్. రెండేళ్ళ తర్వాత చూస్తే ఇద్దరికీ దాదాపు ఒకే ఫలితం. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇక అమెరికాలో 363 మందితో చేసినది 2022లో వచ్చింది. అక్కడ ఒక గుంపుకు కదలిక సెన్సార్ మిషన్, ఇంకో గుంపుకు సూచనలు ఇచ్చి ఇంట్లో చేసుకోమన్నారు. అందులో మిషన్ వాడినవాళ్ళకే ఎక్కువ మేలు కనిపించింది. నాకు అర్థమైంది ఏమిటంటే, పక్కన నేర్పే మనిషి ఉంటే మిషన్ అదనం. ఎవరూ లేనిచోట అది కొంతవరకు ఆ మనిషి పని చేస్తుంది. చిత్తూరులో కూర్చున్న నీకు మనిషి దొరకని పరిస్థితి లేదు, ఇక్కడికి, తిరుపతికి బస్సెక్కితే రెండు గంటల్లోపే దారి.

బీపీ మిషన్ ఇంట్లో ఉంటే బీపీ తగ్గదు కదా, మాత్ర వేసుకుంటేనే తగ్గుతుంది. ఇదీ అంతే. వేలు పోసి కొని, వారం ఆడి, బీరువాలో పెట్టేసిన వాళ్ళను చాలామందిని చూశాను.

అందుకని ముందు గైనకాలజిస్టుకు చూపించుకో. మూత్ర పరీక్ష చేయించు. ఇన్ఫెక్షన్ ఉంటే ఎన్ని వ్యాయామాలు చేసినా దండగే. నీకు దగ్గితే పడేదా, లేక ఒక్కసారిగా ఆగలేనంత వచ్చి బాత్‌రూమ్ చేరేలోపు పడేదా అని అడుగుతారు. రెండూ వేర్వేరు, వైద్యమూ కొంత వేరు. తర్వాత పెల్విక్ ఫ్లోర్ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు. ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రికి ఫిజియోథెరపీ కాలేజీ ఉంది, అక్కడ విచారించు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి మీకు నాకంటే దగ్గర. వెళ్ళేముందు ఫోన్ చేసి, ఆడ థెరపిస్టు ఉన్నారా, లోపలి పరీక్ష చేస్తారా అని సూటిగా అడుగు. పరీక్షకు ముందు నీ అనుమతి అడగాలి, ఎప్పుడైనా చాలనే హక్కు నీది. సిగ్గు పడకు. కాన్పు టేబుల్ ఎక్కినదానివి, ఇదేం లెక్క!

ఇంకో విషయం. కండరం వదులైపోతేనే బాధలు వస్తాయని అందరూ అనుకుంటారు. ఎప్పుడూ బిగుసుకుని, వదలడం మరిచిపోయిన కండరాలూ ఉంటాయి. కలయికలో నొప్పి, మూత్రం ధారగా రాకపోవడం, కుట్ల దగ్గర లాగినట్టుండటం ఉంటే అలాంటిదేమో చూపించుకోవాలి. వాళ్ళకు కెగెల్ చేయిస్తే బాధ పెరుగుతుంది. వాళ్ళకు ముందు నేర్పాల్సింది వదలడం. ఏ మిషనూ నిన్ను చూసి ఇది తేల్చలేదు.

అంతా సరేనంటే వ్యాయామం ఇలా. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడుచుకో. నలుగురిలో గ్యాస్ బయటికి రాకుండా ఆపుకుంటామే, అలా వెనక బిగించి, ఆ బిగింపును ముందుకు, పైకి లాక్కో. ఊపిరి ఆడుతూనే ఉండాలి. మూడు నాలుగు సెకన్లు పట్టి, పూర్తిగా వదులు. ఈ వదలడం చాలామంది చెయ్యరు. అలవాటయ్యాక పది సెకన్ల దాకా పోవచ్చు. చివర్లో గబగబా కొన్ని చిన్న బిగింపులు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో ఉన్న లెక్క ఒక విడతకు కనీసం 8 బిగింపులు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు. మూడు నెలలు, మూడు రోజులు కాదు! పిల్లోడికి పాలిచ్చేటప్పుడు ఒక విడత కలుపుకో. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ఆపి వ్యాయామం చేసే అలవాటు మాత్రం వద్దు, మూత్రసంచి సరిగ్గా ఖాళీ కాదు.

దీనికి తోడు ఒక కిటుకు. తుమ్ము వస్తోందని తెలియగానే, పిల్లోణ్ణి ఎత్తేముందే, కండరాన్ని బిగించు. తర్వాత తుమ్ము, తర్వాత ఎత్తు. అలవాటైతే చాలామందికి లీకేజీ వెంటనే తగ్గుతుంది. నిండు గ్యాస్ సిలిండర్ బండతో కలిపి ముప్పై కిలోలకు దగ్గరగా ఉంటుంది. దాన్ని నువ్వు జరపొద్దు, మీ ఆయన జరుపుతాడు. మలబద్ధకం ఉంటే అదీ చూసుకో, రోజూ ముక్కడం కూడా ఈ కండరానికి దెబ్బే. బాలింత పథ్యమని నీళ్ళు తగ్గించి తాగిస్తుంటే ఒప్పుకోవద్దు. టీ మాత్రం తగ్గించు, అది మూత్రం ఆపుకోలేని ఆత్రాన్ని పెంచుతుంది. నడికట్టు కడితే పొట్ట పట్టినట్టు ఉంటుందేమో కానీ కింది కండరానికి బలం రాదు.

ఇదంతా నేర్చుకున్నాక, ఇంట్లో ఒంటరిగా చేస్తుంటే సరిగ్గా చేస్తున్నానా అని అనుమానం వస్తోంది, మానేస్తున్నాను అనిపిస్తే అప్పుడు మిషన్ కొను. గుర్తుచేయడానికి, పట్టుదల నిలబెట్టడానికి అది పనికొస్తుంది. కాన్పయి ఆరు వారాలు దాటాలి, డాక్టరు సరేననాలి. నీకు కాన్పయి ఐదో నెల కాబట్టి ఆ బెంగ లేదు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, మళ్ళీ గర్భం అనుమానం ఉంటే పెట్టుకోకు. కాపర్ టీ ఉంటే డాక్టరుకు ముందే చెప్పు. నీళ్ళతో చేసిన జెల్ వాడు, కొబ్బరినూనె వద్దు. సిలికాన్ జెల్ అయితే మిషన్ పైపొరే పాడవుతుంది. ప్రతిసారీ సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టుకో. ఇంకెవరికీ ఇవ్వకు, వాళ్ళది తీసుకోకు. అక్క వాడి మానేసినది చెల్లెలికిచ్చే వస్తువు కాదు ఇది.

ఫోన్ సంగతి కూడా. ఆ యాప్‌లు కాన్పు ఎప్పుడైంది, నెలసరి ఎప్పుడు, లీకేజీ ఎంత, అన్నీ అడుగుతాయి. 2023లో మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి అనుమతి తీసుకోవాలంటుంది. అయినా అడిగినదంతా నింపాలని లేదు. నోటిఫికేషన్లు ఆపెయ్. మీ ఇంట్లో ఫోన్ అందరి చేతుల్లో తిరుగుతుంది, "ఈరోజు కెగెల్ చెయ్యలేదు" అని మీ మరిది చదివితే నీకే ఇబ్బంది.

స్కోరు పెరిగిందా తగ్గిందా అని టెన్షన్ పడకు. మధ్యాహ్నానికి ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నావు, దగ్గితే ఏమవుతోంది, అదే లెక్క. పిల్లోడి పుట్టువెంట్రుకలకు అలిపిరి మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నావు కదా, 3,550 మెట్లు. మూడు నెలలు ఇది చేశాక ఎక్కుదువు. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, మోకాళ్ళ పర్వతం దగ్గర అందరికీ ఒళ్ళు అలిసిపోతుంది. కండరం అలిసిపోతే లీక్ అవుతుంది, అందుకని అక్కడ బిడ్డను మీ ఆయన ఎత్తుకోవాలి.

మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం అసలు రాకపోయినా, కింద ఏదో గడ్డలా జారినట్టున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఈ ఉత్తరం పక్కన పెట్టి ఆసుపత్రికి పో. మీ మామగారికి ప్రోస్టేట్ ఆపరేషన్ చెప్పారన్నావు. మగవాళ్ళకూ ఆపరేషన్ తర్వాత ఇదే కండరం, ఇదే వ్యాయామం. ఆపరేషన్‌కు ముందే నేర్చుకుంటే మంచిదని మీ ఆయనతో చెప్పించు.

వచ్చే వారం తిరుపతి వస్తావు కదా. అప్పటిదాకా మూడు రోజులు ఒక కాగితం మీద రాయి. ఎప్పుడు నీళ్ళు తాగావు, ఎప్పుడు బాత్‌రూమ్‌కు పోయావు, ఎప్పుడు పడింది, ఏం చేస్తుంటే పడింది. కాన్పు డిశ్చార్జి కాగితాలు కూడా పెట్టుకో, ఫోర్సెప్స్, అంటే బిడ్డ తల పట్టి లాగే పట్టకార్లు వేశారో, కుట్లు ఎంతవరకు పడ్డాయో దాంట్లో ఉంటుంది. డాక్టరుకు చూపించే రోజు నేనూ వస్తాను, పిల్లోణ్ణి బయట నేను పట్టుకుంటాను.

మీ పెద్దమ్మ
తిరుపతి