పోటీలు లేని నెలల్లో పోల్‌వాల్ట్ సాధన: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పోల్‌వాల్ట్ (పోల్ అనే పొడవాటి గడ ఊతంతో ఎత్తుకు దూకే ఆట) నేర్చుకుంటున్న పిల్లల వేసవి సాధన గురించే ఉన్నాయి. ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి, అయిదింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్ళు. తొమ్మిదో తరగతి పరీక్షలు రాశాడు. నిరుడు పాఠశాల పోటీల్లో మొదటిసారి పాల్గొని 2.80 మీటర్లు దాటాడు. మళ్ళీ ఆగస్టు దాకా పోటీలు లేవు. ఈ వేసవిలో రోజూ దూకి 3.20 అందుకోవాలని వాడి పట్టుదల. కోచ్ గారేమో రెండు నెలలపాటు క్రాస్‌బార్ (దాటవలసిన అడ్డకమ్మీ) పెట్టనే వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: కోచ్ గారి మాటే వినండి. క్రాస్‌బార్ ఎదురుగా ఉన్నంతసేపు పిల్లవాడి దృష్టి దాన్ని దాటడం మీదే ఉంటుంది. అందుకోసం వాడు గ్రిప్ (పోల్‌ను చేతులతో పట్టుకునే చోటు) పైకి జరుపుతాడు, చివరి రెండు అడుగులు సాగదీస్తాడు, చేతులు పూర్తిగా పైకి చాచకముందే నేలను వదిలేస్తాడు. పోటీలు జరిగే నెలల్లో ఈ దోషాలను సరిదిద్దే తీరిక ఎవరికీ ఉండదు, ఎందుకంటే సరిదిద్దుతున్న కొద్ది వారాలు ఎత్తు తగ్గి తీరుతుంది. ఆ తగ్గుదలను ఓర్చుకోవడానికి వీలున్నది ఈ నెలల్లోనే.

ఈ ఆటలో ఎత్తు ప్రధానంగా పరుగు నుంచే వస్తుంది. సెకనుకు 7 మీటర్ల వేగంలో ఉన్న శక్తినంతా ఎత్తుగా మార్చగలిగితే శరీర గురుత్వ కేంద్రం సుమారు 2.5 మీటర్లు లేస్తుంది. అదే వేగం 8 మీటర్లయితే సుమారు 3.26 మీటర్లు లేస్తుంది. ఆచరణలో కొంత శక్తి వృథా అవుతుంది, ఊపుతోనూ చేతుల తోపుతోనూ కొంత కలుస్తుంది. అయినా వేగం సెకనుకు ఒక్క మీటరు పెరిగితే ముప్పావు మీటరు తేడా వచ్చే అవకాశం ఉన్నప్పుడు, వేసవి ఉదయాలను దేనికి కేటాయించాలో వేరుగా చెప్పనవసరం లేదు. 20 నుంచి 30 మీటర్ల పరుగులను పూర్తి వేగంతో, మధ్యలో తగినంత విశ్రాంతి ఇస్తూ, వారానికి మూడు రోజులు చేయించండి. అలసిపోయేదాకా మైదానం చుట్టూ తిప్పడం వల్ల ఆయాసం పెరుగుతుంది తప్ప వేగం పెరగదు. వాహనాలు తిరగని చోట కృష్ణా కరకట్ట మట్టివాలు దొరికితే, అటువంటి స్వల్పమైన ఎత్తు మీదికి పరుగెత్తించడం వారంలో ఒక రోజుకు బాగా పనికివస్తుంది.

పరుగంటే వట్టి చేతులతో పరుగు మాత్రమే కాదు. పోల్ పట్టుకోగానే చాలామంది పిల్లల భుజాలు బిగుసుకుపోయి మోకాళ్ళు కిందికి జారతాయి. అందువల్ల సగం పరుగులైనా పోల్‌తో చేయించాలి. మొదట్లో దాని మొన పైకి ఉండి, వేగం పెరిగేకొద్దీ నెమ్మదిగా దిగుతూ, చివరి రెండు మూడు అడుగుల్లో చేతులు తలపైకి లేచేలా అభ్యాసం జరగాలి. కుడిచేతి వాటం పిల్లవాడికి కుడిచెయ్యి పైన ఉంటుంది, ఎడమకాలితో నేలను తన్నుతాడు. తన్నే క్షణంలో ఎడమకాలి మునివేళ్ళు పైచేతికి సరిగ్గా కింద ఉండాలి. కాలు అంతకన్నా ముందుకు పోతే మైదానంలో అండర్ అయ్యాడంటారు. అప్పుడు పోల్ పిల్లవాణ్ణి వెనక్కి గుంజుతుంది, వేగం అక్కడే చచ్చిపోతుంది, భుజమూ నడుమూ దెబ్బతింటాయి. ప్రపంచ రికార్డులు నెలకొల్పిన పోల్‌వాల్టర్లు సెర్గీ బుబ్కాకూ యెలెనా ఇసిన్‌బయెవాకూ శిక్షణ ఇచ్చిన విటాలీ పెత్రోవ్ పద్ధతిలో అన్నిటికన్నా పట్టింపు ఉన్నది ఈ టేకాఫ్ (నేలను తన్ని లేవడం) మీదే. చేతులు పూర్తిగా చాచి, నిటారుగా, పోల్ వంగకముందే నేలను వదలాలన్నది దాని సారం.

ఇక దూకడం పూర్తిగా మానేయనక్కర్లేదు. వారానికి రెండు రోజులు చాలు. మీ అబ్బాయి పూర్తి పరుగు 12 లేక 14 అంగలైతే ఇప్పుడు 6 లేక 8 అంగలకు తగ్గించి, గ్రిప్‌ను కనీసం ఒక జానెడు దించి దూకనివ్వండి. పోల్ వంగకపోతే కంగారు పడకండి. పోల్ మీద రాసిన బరువు, అంటే దాన్ని వాడదగిన మనిషి బరువు, పోల్‌ను బాగా పైన పట్టుకున్నప్పటి లెక్క కాబట్టి, కిందికి పట్టుకున్నకొద్దీ అదే పోల్ గట్టిగా పనిచేస్తుంది. తిన్నగా ఉన్న పోల్ మీద సరిగా ఊగడం వచ్చినవాడికి వంగిన పోల్ మీద ఊగడం కష్టం కాదు. పోల్‌ను వంచడమే విద్య అనుకుని కింది చేత్తో బలంగా నెట్టే అలవాటు ఫోన్‌లో వీడియోలు చూసే ప్రతి పిల్లవాడికీ పట్టుకుంటోంది. దాన్ని మాన్పించడానికి ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు.

ఇంటర్నెట్‌లో దొరికే శిక్షణ ప్రణాళికల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అవి చాలావరకు ఐరోపా, అమెరికాల కోసం తయారైనవి. అక్కడ ఆరుబయట పోటీలు వేసవిలో జరుగుతాయి కాబట్టి సన్నాహాలు శరత్తులోనూ చలికాలంలోనూ సాగుతాయి. మన బడి పిల్లలకు తీరిక దొరికేది ఎండాకాలంలో. మే నెలలో గుంటూరు, విజయవాడల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక, ఆ ప్రణాళికల్లోని మూడు గంటల సాధనను యథాతథంగా ఇక్కడ అమలు చేస్తే పిల్లలు పడిపోతారు. ఉదయం అయిదున్నరకు మొదలుపెట్టి ఏడున్నరలోపు ముగించండి. రోహిణీ కార్తెలో సాయంత్రపు సాధన మానుకున్నా నష్టం లేదు. అన్నట్లు, ఇదంతా మొదలుపెట్టేముందు రెండు వారాలు పోల్ ముట్టుకోకుండా ఈత కొట్టనివ్వండి, లేదా షటిల్ ఆడుకోనివ్వండి.

ప్రశ్న: నాకు 16 ఏళ్ళు. పుల్‌అప్స్ ఒకటి రెండుకు మించి రావు. జిమ్ముకు వెళ్ళడానికి ఇంట్లో ఒప్పుకోరు. చేతుల్లో బలం లేకపోతే పోల్‌వాల్ట్ మానుకోవలసిందేనా?
– ఇంటర్ విద్యార్థిని, పటమట, విజయవాడ

సమాధానం: మానుకోనవసరం లేదమ్మా. నీకు కావలసిన బలం పుల్‌అప్స్‌లో కనిపించే బలం ఒక్కటే కాదు. పోల్ మీద చేతులు ముందుగా వంచి లాక్కుంటే ఊపు ఆగిపోతుంది. చేతులను చాచి ఉంచి, పోల్‌ను కిందికి అదుముతూ, చాచిన కాలిని ముందుకు విసురుతూ తలకిందులు కావాలి. దీనికోసం ఇంటి కిటికీ ఊచలకు పైభాగంలో ఒక రబ్బరు బ్యాండు కట్టి, మోచేతులు వంచకుండా దాన్ని తలమీదినుంచి తొడలదాకా లాగడం సాధన చెయ్యి.

పార్కులో ఉన్న కమ్మీకి వేలాడటం రెండో పని. మొదటి వారాల్లో ఊరికే 20 సెకన్లు వేలాడు. తరువాత మోకాళ్ళను ఛాతీదాకా, క్రమంగా కాలివేళ్ళను కమ్మీదాకా తీసుకురా. పుల్‌అప్ రాకపోతే స్టూలు మీదినుంచి గడ్డం కమ్మీ పైకి వచ్చేలా ఎక్కి, చాలా నెమ్మదిగా కిందికి దిగుతూ ఉండు. దిగడం నేర్చిన కండరమే ఎక్కడమూ నేర్చుకుంటుంది. గోడ ఆసరాతో చేతుల మీద నిలబడటానికి, వెనక్కి పిల్లిమొగ్గ వేసి అదే ఊపులో చేతుల మీదికి లేవడానికి చాప, కాస్త జాగా ఉంటే చాలు. కాకపోతే ఈ రెండోదాన్ని మొదట్లో ఎవరైనా పక్కన పట్టుకునేవాళ్ళు ఉన్నప్పుడే చెయ్యి. పోల్ కొసన శరీరం చేసే పని దాదాపుగా ఇదే. ఇసిన్‌బయెవా 15 ఏళ్ళదాకా జిమ్నాస్టే. పొడుగు ఎక్కువైందని ఆ ఆట వదిలి పోల్ పట్టుకుని, 2009లో జ్యూరిచ్‌లో 5.06 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పింది.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో ఉత్సాహం ఉన్న పిల్లలు అయిదారుగురు ఉన్నారు గాని పోల్ గాని మ్యాట్ గాని లేవు. వెదురు గడలతో లాంగ్‌జంప్ ఇసుకలో దూకించవచ్చా? పూర్వం అలాగే దూకేవారు కదా?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, తెనాలి సమీప గ్రామం

సమాధానం: దూకేవారు, నిజమే. అమెరికాకు చెందిన కార్నీలియస్ వార్మర్‌డామ్ 1942లో వెదురు గడతో 4.77 మీటర్లు దాటాడు. అయితే వెదురు ఎండినకొద్దీ పెళుసెక్కుతుంది, లోపల పురుగు తొలిచినా పైకి కనిపించదు, విరిగితే ఈటెలా చీలుతుంది. అందువల్ల నా సలహా ఏమిటంటే, వెదురును చేత పట్టుకుని పరుగెత్తడానికీ, చేతులు తలపైకి ఎత్తే కదలికను నడకలో నేర్పడానికీ మాత్రమే వాడండి. పిల్లవాడి బరువును దాని మీద వేలాడనివ్వకండి.

ఇసుకలో ఊగించడానికి పొట్టి ఫైబర్‌గ్లాస్ పోల్ ఒక్కటి సంపాదించండి. 10 లేక 11 అడుగుల పొడవున్నది సరిపోతుంది. పెద్ద కేంద్రాల్లో వాడకం తగ్గిన పాతవి దొరకవచ్చు. కాని స్పైక్స్ (బూట్ల అడుగు ముళ్ళు) గీతలు, నొక్కులు ఉన్న పోల్‌ను ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, పగుళ్ళు అక్కడినుంచే మొదలవుతాయి. పోల్ మీద బరువు పౌండ్లలో ఉంటుంది. 50 కిలోల పిల్లవాడు 110 పౌండ్లు. వేసవిలో పిల్లలు పెరుగుతారు కాబట్టి, జూన్‌లో మళ్ళీ తూచకుండా పాత పోల్ చేతికివ్వకూడదు. ఇసుకలో గ్రిప్ నిలబడి చెయ్యి చాచితే అందే ఎత్తుకు ఒక జానెడు మించకూడదు. నాలుగడుగులు వేసి, పోల్‌కు కుడిపక్కగా ఊగి, రెండు కాళ్ళ మీద దిగాలి. క్రాస్‌బార్ వద్దు, వెల్లకిల పడటం అసలే వద్దు. పరుపులు పేర్చి మ్యాట్ చేద్దామన్న ఆలోచన వస్తే విరమించుకోండి. పెద్ద పోటీలకు అంతర్జాతీయ నియమాలు కోరే మ్యాట్ 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల మందం ఉంటుందంటే, పిల్లలు పక్కకు ఎంత దూరం విసిరివేయబడతారో ఊహించవచ్చు. మ్యాట్ ఉన్న అసలైన పిట్ (దూకే చోటు) కోసం, 2019లో జాతీయ జూనియర్ పోటీలు జరిగిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అనుమతి అడిగి చూడండి. నెలకు రెండు ఆదివారాలు దొరికినా మేలే.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్ళు. మూడు వారాలుగా నడుము కింది భాగంలో ఒకవైపు నొప్పి అంటోంది. వెనక్కి వంగితే ఎక్కువవుతోంది. కండరం పట్టేసిందని బామ్ రాస్తున్నాము. సాధన ఆపించాలా?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: ఈ రోజే ఆపించండి, ఎముకల వైద్యునికి చూపించండి. ఎదిగే వయసులో పదే పదే నడుము వెనక్కి విరిచే జిమ్నాస్టులకూ ఫాస్ట్ బౌలర్లకూ పోల్‌వాల్టర్లకూ వెన్నుపూస వెనుక భాగంలో సన్నని ఒత్తిడి పగులు రావడం తెలిసిన విషయమే. మీరు రాసిన లక్షణాలు దానికి సరిపోతున్నాయి. అయితే అదేనని నేను ఉత్తరం చూసి తేల్చలేను. తొలిదశలో ఇది మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి, ఆమె ఆడే ఆట ఏమిటో, టేకాఫ్‌లో నడుము ఎలా వంగుతుందో వైద్యునికి వివరంగా చెప్పండి. ముందుగా పట్టుకుంటే ఎక్కువమందికి కొన్ని నెలల విశ్రాంతితో, క్రమబద్ధమైన వ్యాయామంతో మానుతుంది. తిరిగి మైదానానికి వచ్చాక ఆమె అండర్ అవుతోందేమో పక్కనుంచి వీడియో తీయించి చూడమని కోచ్‌ను కోరండి. ఆ దోషం సరిదిద్దకుండా విశ్రాంతి మాత్రమే ఇస్తే నొప్పి తిరిగి వస్తుంది.

ప్రశ్న: బరువు తగ్గితే పైకి సులువుగా లేస్తానని స్నేహితులు అంటున్నారు. రాత్రి భోజనం మానేశాను. మంచిదేనా?
– పదో తరగతి విద్యార్థి, మంగళగిరి

సమాధానం: మంచిది కాదు. ఎదిగే వయసులో కడుపు మాడ్చుకుంటే ముందు తగ్గేది కాళ్ళ బలం, దాంతోపాటు పరుగు. రాత్రి అన్నం, పప్పు, పెరుగు తిను. ఇంట్లో అలవాటుంటే గుడ్డు కూడా తిను. ఉదయం మైదానానికి వెళ్ళేముందు రాగిజావ, తిరిగి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ తాగు. రాత్రి భోజనం మానేసిన సంగతి మీ కోచ్‌కు కూడా చెప్పు, ఎందుకంటే నీ బరువు చూసే ఆయన నీకు పోల్ ఎంచుతాడు.