అసిస్టెడ్ లివింగ్ చూడటానికి వెళ్తున్నారా? చీకటి పడ్డాక వెళ్లండి

అమ్మగారికి 78 ఏళ్లు, తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత ఒంటరిగా ఉండలేకపోతున్నారు, మీరు బెంగళూరులో, తమ్ముడు అమెరికాలో, హైదరాబాద్‌లో అసిస్టెడ్ లివింగ్ (పెద్దవాళ్లని ఉంచుకుని రోజువారీ పనుల్లో సాయం చేసే చోటు) చూస్తుంటే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, ఏం చూసి నమ్మాలి అని రాశారు. మా పెద్దమ్మ కోసం నేనీ పని చేశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. ఆవిడకి పిల్లల్లేరు, పెదనాన్న పోయాక తెనాలిలో ఒక్కతే ఉండేది, షుగర్, రెండు పూటలా ఇన్సులిన్, వాకర్ పట్టుకుని నడక, చెవులు కూడా అంతంత మాత్రం.

ఏ చోటికి వెళ్లినా ముందు లాబీ, తోట, చిన్న గుడి, క్యారమ్ బోర్డు, పోయిన దసరాకి బొమ్మల కొలువు ఫొటోలు చూపిస్తారు. అవన్నీ చూసి మురిసేది మనం. రాత్రి రెండు గంటలకి బాత్రూమ్‌కి లేవాలంటే పెద్దమ్మకి కావాల్సింది వచ్చి చెయ్యి పట్టుకునే మనిషి. అందుకే మార్కెటింగ్ వాళ్లు చెప్పిన పదకొండు గంటలకి ఒకసారి వెళ్లినా, మళ్లీ రాత్రి ఏడున్నరకో ఆదివారం సాయంత్రమో చెప్పకుండా వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే అదీ ఒక సమాధానమే.

వెళ్లాక అడగాల్సింది: రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా ఈ ఫ్లోర్‌లో ఎంతమంది ఉంటారు, వాళ్లలో నర్సులెవరు, ఆయాలెవరు? "ట్వెంటీఫోర్ అవర్స్ నర్సింగ్ ఉంటుందండి" అంటే అది జవాబు కాదు, ఆ వారం డ్యూటీ చార్టు చూపించమనండి. మేం చూసిన ఒక చోట మూడు అంతస్తులకి కలిపి రాత్రి ఒక్క నర్సే, ఆ అమ్మాయి మూడో అంతస్తులో ఇంజెక్షన్ ఇస్తుంటే కింద ఎవరు పడ్డా చూసే దిక్కు లేదు. వాళ్లని అడిగి ఒక ఖాళీ గదిలో బెల్ నొక్కి ఎంతసేపటికి వస్తారో చూడండి. బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్డుని గట్టిగా లాగి చూడండి, టైల్‌కి అతికించి వదిలేసినవి కూడా ఉంటాయి.

అక్కడున్న పెద్దవాళ్లని కాస్త పరీక్షగా గమనించండి. గోళ్లు కత్తిరించి ఉన్నాయా, కళ్లజోడు తుడిచి ఉందా, చెవి మిషన్ చెవిలో ఉందా డ్రాయర్‌లో ఉందా, మంచినీళ్లు చెయ్యి అందే దూరంలో ఉన్నాయా. మంచానికే పరిమితమైనవాళ్లని దాదాపు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. తిప్పినట్టు రాసే చార్టు చూపించమంటే కొన్ని చోట్ల ముఖాలు చూసుకున్నారు.

షుగర్ ఉందని మీరు రాయలేదు గానీ, ఉంటే ఇది చాలా ముఖ్యం. మాకు బాగా నచ్చిన ఒక చోట, చక్కటి తోట, రుచిగా చారు, అన్నీ బాగున్నాయి, కానీ నర్సు అందరికీ సాయంత్రం ఆరున్నరకే ఇన్సులిన్ ఇచ్చేస్తోంది, భోజనం మాత్రం ఎనిమిదికి. పెద్దమ్మ వాడేది మిక్స్‌డ్ ఇన్సులిన్, తీసుకున్న అరగంటలో తినాలి, ఆలస్యమైతే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. అదే అడిగితే "ఏం కాదు సార్, బిస్కెట్ ఇస్తాం" అన్నారు. ఆ చోటు వదిలేశాం. మావాళ్లలో కొందరికి ఇప్పటికీ నేను అతి చేశాననే ఉంది, ఉండనివ్వండి.

భాష గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తా. మేం చూసిన చోట్ల అటెండెంట్లు ఎక్కువగా ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలు. ఓపికగా చేస్తారు, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ చెవులు సరిగా వినపడని తెనాలి మనిషి "నడుం లాగేస్తోందమ్మా, కడుపులో దేవినట్టుంది" అంటే వాళ్లకేం అర్థమవుతుంది? ప్రతి షిఫ్టులో కనీసం ఒక్కరైనా తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారా అని అడగండి, ముఖ్యంగా రాత్రి షిఫ్టులో.

నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఇంకోటుంది: "ఏ పరిస్థితి వస్తే మీరు మమ్మల్ని తీసుకెళ్లిపొమ్మంటారు?" ముక్కు గొట్టంతో ఆహారం, ఆక్సిజన్, మతిమరుపు ముదిరి రాత్రుళ్లు గేటు దాటి వెళ్లిపోవడం, చెయ్యి చేసుకోవడం, వీటిలో ఏవి వాళ్లు చూసుకుంటారో ఏవి చూసుకోరో తెలియాలి. "అన్నీ చూసుకుంటాం" అన్నవాళ్లని నేను నమ్మలేదు. మేం చివరికి ఎంచుకున్న చోట మేనేజరమ్మ "తిరిగే మతిమరుపు అయితే మావల్ల కాదండి, నెల ముందు చెప్తాం, ఇంకో చోటు వెతుక్కోవాలి" అంది సూటిగా. అలాగే పడిపోతే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, అంబులెన్స్‌లో ఎవరు వెళ్తారు, మీరు చేరేదాకా సంతకం ఎవరు పెడతారు అనేవి అడగండి. చనిపోతే ఏం చేస్తారని కూడా మొహమాటపడకుండా అడిగేయండి, తమ్ముడు అమెరికా నుంచి రావాలంటే ఆ మాట ముందే తేలాలి.

డబ్బు సంగతికొస్తే, బ్రోషర్‌లో రాసేది గది, భోజనం ఖర్చు. డైపర్లు, ఫిజియోథెరపీ, ప్రత్యేకంగా అటెండెంట్, ఆస్పత్రికి తోడు, ఇవన్నీ తర్వాత బిల్లులో ఒక్కోటీ బయటపడతాయి. మనిషి పరిస్థితి దిగజారితే "కేర్ లెవెల్ మారింది" అని రేటు పెంచుతారు, ఎవరు నిర్ణయిస్తారు, ఎంత పెంచుతారు, అగ్రిమెంట్‌లో ఉందా? డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఆస్పత్రిలో ఉన్న రోజులకి కూడా పూర్తి డబ్బు కట్టాలా? మెడిక్లెయిమ్ ఉంది కదా అనుకోవద్దు, స్నానం చేయించడం, బట్టలు మార్చడం లాంటి సాయం కోసం ఇలాంటి చోట ఉంటే ఆ ఖర్చు మామూలు హెల్త్ పాలసీల్లో మినహాయింపుల కిందికే వస్తుంది. జీఎస్టీ కలిపి చెప్పారో విడిగానో కనుక్కోండి. ఆదాయపు పన్ను చట్టం కింద సేవా సంస్థగా రిజిస్టరైన ట్రస్టు నడిపే వృద్ధాశ్రమం అయితే, 60 దాటినవాళ్లకి గది, భోజనం, నిర్వహణ అన్నీ కలిపి నెలకి 25,000 దాకా తీసుకుంటే జీఎస్టీ ఉండదు. సీనియర్ సిటిజన్ల ఫ్లాట్లు కొనమనేవాళ్లు "రెరా అప్రూవ్డ్" అంటారు. రెరా అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, అది ఫ్లాట్ అమ్మకం సంగతి చూస్తుంది, వేళకి మాత్ర ఇచ్చారా లేదా అన్నది దాని పని కాదు. ఎప్పుడైనా సలహా కావాలన్నా ఫిర్యాదు చేయాలన్నా 14567 ఎల్డర్‌లైన్ ఉంది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకోటి, మీరిద్దరూ ఊళ్లో ఉండరు కాబట్టి, అర్ధరాత్రి ఫోన్ వస్తే వెళ్లగలిగే బంధువు ఇంటికి దగ్గర్లో చూడండి. బండ్లగూడలో అమ్మని పెట్టి కొంపల్లిలో ఉన్న పిన్నిని చూడమంటే ఆ ట్రాఫిక్‌లో ఆవిడ ఎన్నిసార్లు వెళ్తుంది? ఆ పిన్నిని ఇప్పుడే అడిగి ఒప్పించండి, పేరు ఫారంలో రాసేశాక కాదు.

డిపాజిట్ కట్టే ముందు రెండు వారాలో నెలో ట్రయల్‌గా ఉంచండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు. అమ్మగారికి ఉన్నమాట చెప్పి తీసుకెళ్లండి, "కొన్నాళ్లు రెస్ట్ తీసుకుని వద్దువుగాని" అని మభ్యపెట్టి దింపేసి రావద్దు. మా పెద్దమ్మ మొదటి వారమంతా అలిగి అన్నం సరిగా తినలేదు, అక్కడి పెరుగు పుల్లగా ఉందని రోజూ గొడవ, తర్వాత పక్క గదిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ కలిసింది, ఇప్పుడు ఇద్దరూ కలిసి పెరుగు మీద ఫిర్యాదు చేస్తున్నారు. ట్రయల్ రోజుల్లో వీడియో కాల్ వాళ్లు చెప్పిన టైముకి కాకుండా మీకు తోచిన టైముకి చేయండి, ఫోన్ అమ్మగారి చేతికే ఇచ్చి కాసేపు పక్కకెళ్లమనండి.